ప్రాగ్ నగరం: చెవులతో చూడవలసిన ఊరు

శ్రోతలకు నమస్కారం.

ముందుగా ఒక ఫ్లూటును ఊహించుకోండి. గులకరాళ్ల మీద నీరు జారుతున్నట్టు ఒంటరిగా మొదలవుతుంది. కొంతసేపటికి రెండో ఫ్లూటు వచ్చి జత కలుస్తుంది. బొహీమియా అడవుల్లో ఎక్కడో పుట్టిన రెండు సన్నని ఊటలు కలిసి నదిగా మారుతున్నాయి. ఆ నది పేరు వల్తావా. చెక్ దేశ రాజధాని ప్రాగ్ నడిబొడ్డున పారే నది అది. ఈ సంగీతాన్ని కూర్చిన బెద్రిఖ్ స్మెతనాకు అప్పటికి యాభై ఏళ్లు. 1874 అక్టోబరులో ఆయనకు రెండు చెవులూ పూర్తిగా వినిపించకుండా పోయాయి. నవంబరులో ఈ రచన మొదలుపెట్టి డిసెంబరు 8న ముగించారు. తాను ఇక ఎన్నటికీ వినలేని నదిని మూడు వారాలు కూడా గడవక ముందే మనకు వినిపించారు. అందుకే ప్రాగ్ గురించి చెప్పాలంటే నాకు కోటల కన్నా ముందు చెవులే గుర్తుకొస్తాయి.

పాత పట్టణం కూడలిలో 1410 నాటి ఖగోళ గడియారం ఉంది. గంట కొట్టే వేళకు జనం మెడలెత్తి నిలబడతారు. అస్థిపంజరం బొమ్మ తాడు లాగి గంట మోగిస్తుంది, కిటికీల్లోంచి క్రీస్తు శిష్యుల బొమ్మలు వరుసగా సాగిపోతాయి, చివర కోడి కూస్తుంది. అక్కడి నుంచి నడిస్తే చార్లెస్ వంతెన వస్తుంది. 1357లో పునాది వేసిన రాతి వంతెన, దాని గోడల మీద ముప్పై విగ్రహ సమూహాలు. వంతెన దాటి కొండెక్కితే కోట, కోటలో సెయింట్ వైటస్ ప్రధాన చర్చి. 1344లో మొదలైన ఆ కట్టడం పూర్తయింది 1929లో. దగ్గరలోనే లొరెటా ప్రార్థనాలయం గంటలు ప్రతి గంటకూ మరియమాత పాటను మోగిస్తాయి. కోట చూసే తొందరలో చాలామంది ఆగరు గానీ, ఆ పాట పూర్తయ్యేదాకా అక్కడే నిలబడమని నా సలహా.

చెక్ వాళ్లలో ఒక నానుడి ఉంది: చెక్‌గా పుట్టిన ప్రతివాడూ వాయిద్యకాడే అని. ఇది ఊరికే వచ్చిన మాట కాదు. అక్కడి పల్లెల్లో బడిపంతులే చర్చి సంగీతం బాధ్యత కూడా చూసేవాడు. ఆదివారం ప్రార్థనకు పాడేవాళ్లు కావాలి, వాయించేవాళ్లు కావాలి. అందుకని అక్షరాలు దిద్దించిన చేతితోనే వయొలిన్ పట్టించేవాడు. 1772లో ఆ దేశంలో తిరిగిన ఆంగ్ల సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ, చాస్లవ్ అనే ఊరి బడిలో ఆరేళ్ల నుంచి పదకొండేళ్ల లోపు ఆడపిల్లలూ మగపిల్లలూ చదువుకుంటూ, రాసుకుంటూ, వయొలిన్లు, ఓబోలు వాయిస్తూ ఉండడం చూసి రాసుకున్నాడు.

అలాంటి చెవులున్న ఊరు కాబట్టే ఆస్ట్రియా స్వరకర్త మొజార్ట్‌ను నెత్తిన పెట్టుకుంది. 1787 జనవరిలో ఆయన ప్రాగ్ వచ్చేసరికి ఎక్కడ విన్నా ఆయన ఒపేరా (పాటలతోనే నడిచే నాటకం) ‘ఫిగారో’ పాటలే. అదే ఏడాది అక్టోబరు 29న ‘డాన్ జొవాన్నీ’ ఒపేరా మొదటి ప్రదర్శనకు ఆయనే సారథ్యం వహించారు. ఆ నాటకశాల, ఎస్టేట్స్ థియేటర్, ఈనాటికీ అక్కడే ఉంది. టికెట్టు కొనుక్కుని లోపల కూర్చోవచ్చు. 1791 డిసెంబరులో ఆయన వియన్నాలో కన్నుమూస్తే అక్కడ అంత్యక్రియలు నిరాడంబరంగా ముగిశాయి. ప్రాగ్‌లో మాత్రం డిసెంబరు 14న సెయింట్ నికలస్ చర్చిలో జరిగిన ప్రార్థనకు వేల మంది తరలివచ్చారు.

అయితే ఆ వైభవమంతా చెక్ భాషది కాదు. ఆస్ట్రియా రాజవంశమైన హాబ్స్‌బర్గ్‌ల పాలనలో పెద్ద వేదికల మీద ఇటాలియన్, జర్మన్ భాషలదే రాజ్యం. తమ భాషలో పాడుకోవడానికి తమకొక నాటకశాల కావాలని చెక్ ప్రజలు ఊరూరా చందాలు పోగుచేశారు. 1868 మే 16న పునాది వేసినప్పుడు తాము పవిత్రంగా తలచే కొండల నుంచి రాళ్లు మోసుకొచ్చారు. స్మెతనా ‘లిబుషె’ అనే ఒపేరాను 1872లో ముగించి, ఈ భవనం కోసమే తొమ్మిదేళ్లు పక్కన పెట్టారు. ప్రాగ్ నగర వైభవాన్ని ముందే చూసి చెప్పిందని జనం నమ్మే రాకుమారి కథ అది. 1881 జూన్‌లో నాటకశాల ఆ ఒపేరాతోనే తెరుచుకుంది. ఆగస్టు 12న మంటల్లో కాలిపోయింది.

తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. కానీ ఆ జనం ఏడుస్తూ కూర్చోలేదు. మళ్లీ జోలె పట్టారు. 47 రోజుల్లో పది లక్షల గుల్డెన్లు వచ్చిపడ్డాయి. 1883 నవంబరు 18న మళ్లీ ‘లిబుషె’తోనే తలుపులు తీశారు. వేదిక పైన ‘జాతి తనకోసం తాను’ అనే అర్థం వచ్చే చెక్ మాటలు చెక్కి ఉంటాయి. ఆ రాత్రి పాడిన ఒపేరాలో ఒక్క స్వరమైనా స్మెతనా చెవిన పడే వీలు లేదు. మరుసటి ఏడాది మే 12న ఆయన కన్నుమూశారు. నదిని ఆనుకుని ఉన్న విషెహ్రాద్ కొండ మీద ఆయన సమాధి ఉంది. మరో చెక్ స్వరకర్త ద్వొర్జాక్ సమాధి కూడా ఆ శ్మశానంలోనే.

ఏటా మే 12న ‘ప్రాగ్ వసంతం’ సంగీతోత్సవం మొదలవుతుంది. మొదటి కచేరీలో వినిపించేది స్మెతనా ఆరు భాగాలుగా రాసిన ‘నా దేశం’. మీరు విన్న ఫ్లూట్లు దాని రెండో భాగంలోవి. 1990లో ఆ కచేరీకి సారథ్యం వహించినవారు రఫాయెల్ కుబెలిక్. కమ్యూనిస్టు పాలన రాగానే 1948లో దేశం విడిచిన ఆయన, ఆ పాలన కూలాక, 42 ఏళ్ల తరువాత స్వదేశానికి వచ్చి, చెక్ ఫిల్హార్మనిక్ వాద్యబృందం ముందు నిలబడ్డారు.

వీలుంటే ఈ రాత్రే ‘వల్తావా’ వినండి. పన్నెండు నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. అడవిలో వేటకొమ్ములు వినిపిస్తాయి. ఒడ్డున పల్లెటూరి పెళ్లిలో పోల్కా నృత్యం సాగుతుంది. వెన్నెల్లో నీటి కన్యలు కదులుతారు, ఆ వెంటనే రాళ్ల మధ్య సుడులు. అక్కడి నుంచి నది విప్పారి నగరంలోకి వస్తుంది, విషెహ్రాద్ కొండను పలకరిస్తుంది. తరువాత ఆ ధ్వని దూరమవుతూ, సన్నబడుతూ, ఇక అయిపోయిందేమో అనిపిస్తుంది. అప్పుడు వాద్యబృందమంతా కలిసి రెండు స్వరఘాతాలు వేస్తుంది. అవి వినేదాకా లేవకండి.