గేమ్‌లో కనిపించని ఆటో

అందరికీ నమస్కారం.

నేను కారు డ్రైవింగ్ నేర్పేవాణ్ని. మీరు గేమ్‌లు తయారుచేయడం నేర్చుకుంటున్నారు. నాకూ మీకూ ఏం సంబంధమని కొందరికి అనిపించవచ్చు. ఇవాళ మొదటిసారి స్టీరింగ్ పట్టుకోవడానికి నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది అప్పటికే ఏళ్ల తరబడి బండి నడిపి ఉంటున్నారు, స్క్రీన్ మీద. అంటే వాళ్ల మొదటి గురువు గేమ్ తయారుచేసినవాడు. నేను రెండోవాణ్ని. వాళ్ల దగ్గర మొదటి గురువు నేర్పిన మంచి ఎంత, నేర్పకుండా వదిలేసింది ఎంత అన్నది నాకు రోజూ కనిపిస్తుంది. అదే మీతో చెప్పాలని వచ్చాను.

ముందుగా అమెరికాలో జరిగిన ఒక రేసు గురించి చెప్తాను. 2022 అక్టోబర్ 30న వర్జీనియా రాష్ట్రంలోని మార్టిన్స్‌విల్‌లో నాస్కార్ అనే అమెరికా కార్ల రేసింగ్ సంస్థ రేసు జరిగింది. అక్కడి ట్రాక్ చాలా చిన్నది, ల్యాప్ మొత్తం కలిపి కిలోమీటరు కూడా ఉండదు. రెండు వైపులా తిన్నటి దారి, రెండు చివర్లా గట్టి మలుపులు. మలుపు దగ్గర ఎంతటి డ్రైవరైనా బ్రేక్ వేయాల్సిందే. రాస్ చాస్టెయిన్ అనే డ్రైవర్ చివరి ల్యాప్‌లో పదో స్థానంలో ఉన్నాడు. అప్పటి పద్ధతి ప్రకారం ఆఖరి రేసులో ఛాంపియన్‌షిప్ కోసం నలుగురే పోటీ పడేవారు. ఆ నలుగురిలో ఉండాలంటే ఇతనికి ఇంకో రెండు స్థానాలు కావాలి. మామూలుగా నడిపితే అయ్యే పని కాదు. టాప్ గేర్ వేశాడు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాడు, కారును బయటి గోడకు ఆనించేసి స్టీరింగ్ మీద పట్టు వదిలేశాడు. మిగతావాళ్లు బ్రేకులు వేసుకుంటూ మలుపు తిరుగుతుంటే ఇతను నిప్పురవ్వలు రేపుతూ, గోడను రాసుకుంటూ ఐదు కార్లను దాటేసి గీత దాటాడు. ఆ ల్యాప్‌కు పట్టిన సమయం 18.845 సెకన్లు. ఆ స్థాయి కార్లలో అక్కడ అంత వేగంగా అప్పటిదాకా ఎవరూ ల్యాప్ పూర్తిచేయలేదు.

ఈ ఆలోచన ఎక్కడిదని అడిగితే, చిన్నప్పుడు తమ్ముడు చాడ్‌తో కలిసి గేమ్‌క్యూబ్ అనే గేమ్ యంత్రం మీద ఆడిన నాస్కార్ 2005 గేమ్‌లోదని చెప్పాడు.

ఇందులో ఉన్న భౌతికశాస్త్రం మీకు తెలిసిందే. మలుపులో కారును లోపలికి పట్టి ఉంచేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న రాపిడి. వేగం ఒక హద్దు దాటితే అది చాలదు, అందుకే బ్రేక్ వేస్తాం. గోడకు ఆనుకుని పోతే టైర్లు చేయలేని పని గోడ చేసిపెడుతుంది. కాబట్టి కిటుకు గేమ్‌లోనూ పనిచేసింది, బయటా పనిచేసింది. తేడా వేరే చోట ఉంది. అసలు ట్రాక్‌లో నాలుగో మలుపు దగ్గర గోడలో ఒక గేటు ఉంది. కారు దానికి తగులుకుంటే ఏమయ్యేదో ఊహించుకోండి. తగలకూడదనే తానూ అనుకున్నట్టు చాస్టెయినే చెప్పాడు. 2023 జనవరిలో నాస్కార్ సంస్థ, ఉన్న భద్రతా నిబంధన కిందే ఇకమీదట ఇలాంటి పనికి పెనాల్టీ వేస్తామని ప్రకటించింది.

ఆ రోజు లోకమంతా అతని తెలివిని మెచ్చుకుంది. ఆ ధైర్యం సామాన్యమైనది కాదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ డ్రైవింగ్ నేర్పేవాడిగా నా మనసులో నిలిచిపోయింది ఇంకొకటి. దెబ్బ తగలని చోట పుట్టిన ఆలోచనను అతను దెబ్బ తగిలే చోట అమలు చేశాడు. గేమ్ నుంచి రోడ్డు మీదికి నైపుణ్యం వస్తుంది, ఆలోచన వస్తుంది, అలవాటు వస్తుంది. నష్టం మాత్రం గేమ్‌లోనే ఉండిపోతుంది. ఈరోజు నేను చెప్పే మాటలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

నైపుణ్యం వస్తుందనే మాట ఊరికే అనడం లేదు. 1997లో జపాన్‌లో కజునోరి యమౌచి బృందం గ్రాన్ టురిస్మో గేమ్ తెచ్చినప్పుడు అందులో లైసెన్స్ పరీక్షలు పెట్టారు. వేగంగా పోయి, గీసిన హద్దుల మధ్య కారు ఆపాలి. ఆపలేకపోతే పెద్ద రేసులకు అనుమతి లేదు. ఒక రేసింగ్ గేమ్ మొదటి పాఠంగా బ్రేక్‌ను ఎంచుకోవడం నాకెంతో నచ్చింది. ఆ గేమ్ ఆడేవాళ్లలోంచి అసలు రేసర్లను తయారుచేద్దామని నిస్సాన్, సోనీ కలిసి 2008లో జీటీ అకాడమీ పెట్టాయి. మొదటి విజేత స్పెయిన్ కుర్రాడు లూకాస్ ఓర్డోనెజ్. 2011లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్ 24 గంటల రేసులో అతని జట్టు తన తరగతిలో రెండో స్థానం సాధించింది. అదే ఏడాది అకాడమీలో దాదాపు 90 వేల మందిని దాటుకుని గెలిచినవాడు బ్రిటన్‌కు చెందిన యాన్ మార్డెన్‌బరో. పోటీకి వచ్చేనాటికి అతని అనుభవం చాలావరకు ఇంట్లో గేమ్ ఆడిందే. రెండేళ్లకే, 2013లో, అతనూ లే మాన్స్‌లో తన తరగతిలో పోడియం ఎక్కాడు.

ఆ కథ అక్కడితో ఆగలేదు. 2015 మార్చిలో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీద ఫ్లుగ్‌ప్లాట్జ్ అనే మిట్ట దగ్గర మార్డెన్‌బరో కారు గాల్లోకి లేచి, కంచె దాటి అవతల పడింది. రేసు చూడటానికి వచ్చిన ఒక మనిషి చనిపోయాడు. ఆ తర్వాత కొంతకాలం ఆ ట్రాక్‌లోని కొన్ని చోట్ల రేసులకు కూడా వేగ పరిమితి పెట్టారు. గేమ్‌లోనూ ఆ మిట్ట ఉంది. అక్కడ కారు ఎగిరితే రీస్టార్ట్ చేస్తాం. నేను మార్డెన్‌బరోను తప్పుపట్టడం లేదు, పుట్టినప్పటి నుంచీ రేసుల్లో పెరిగినవాళ్లకూ అలాంటి ప్రమాదం జరగవచ్చు. కంచె అవతల మనుషులుంటారన్న సంగతి గేమ్‌లో లెక్కలోకి రాదు, అదే నేను చెప్పేది.

రోడ్డు కూడా గేమ్ నుంచి తీసుకుంది. 2007లో వచ్చిన నిస్సాన్ జీటీ-ఆర్ కారు డాష్‌బోర్డు మీది డిస్‌ప్లేను డిజైన్ చేసింది గ్రాన్ టురిస్మో తయారుచేసిన పాలిఫోనీ సంస్థే. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది, గుర్తుందా? అంతకు ముందు ఆ డ్రైవర్లెవరూ అక్కడ రేసు చేసినవాళ్లు కాదు. ఇలాంటి కొత్త ట్రాక్ మలుపులన్నీ వాళ్లు ముందుగా నేర్చుకునేది సిమ్యులేటర్ మీదే, అంటే అసలు డ్రైవింగ్‌ను తెర మీద అనుకరించే యంత్రం మీదే. గెలిచిన జాన్ ఎరిక్ వేర్న్ అయినా అంతే.

ఇక నా కారులోకి రండి.

గేమ్ ఆడి వచ్చిన పిల్లలకు చూపు దూరంగా ఉంటుంది. ఎప్పుడూ ఆడనివాళ్లు మొదటి రోజుల్లో బానెట్ ముందున్న నాలుగడుగులే చూస్తారు. అందుకే కారు వంకర్లు పోతుంది. వీళ్లు మలుపు చివరికి చూస్తారు, చేతులు చూపు వెంటే వెళ్తాయి. మారియో కార్ట్ ఆడించి చేసిన ఒక పరిశోధన 2016లో వచ్చింది. అంతకు ముందు అలాంటి గేమ్‌లు ఆడనివాళ్లకు కొన్ని గంటల ఆటతోనే బండిని లేన్‌లో నిలిపే నేర్పు మెరుగైందట. నేను చూసినదానికీ అది సరిపోతుంది.

కాళ్ల దగ్గరికి వస్తే కథ మారిపోతుంది. కీబోర్డు మీద ఆడినవాడికి బ్రేక్ అంటే పడటం, పడకపోవడం, ఈ రెండే. కారులోనూ అలాగే తొక్కుతాడు, ఇద్దరం ముందుకు తూలుతాం. హాఫ్ క్లచ్, అంటే క్లచ్‌ను సగం వరకే వదిలి పట్టి ఉంచడం, ఏమిటో తెలియదు. ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆగాల్సి వస్తే బండి వెనక్కి జారుతుంది, వెనకవాడు హారన్ మోగిస్తాడు, ఆ టెన్షన్‌లో క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తాడు, బండి ఆఫ్. నా వైపు డబుల్ కంట్రోల్, అంటే నాకూ బ్రేక్, క్లచ్ ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

అన్నిటికంటే కష్టం జడ్జిమెంట్. మా వాళ్లందరూ వాడే మాట ఇది, బండి ఎంత వెడల్పు, ఎడమ చక్రం ఎక్కడుంది అన్న అంచనా. చాలా గేమ్‌లలో కెమెరా కారు వెనక, కాస్త పైన ఉంటుంది. కారు మొత్తం కళ్లముందే కనిపిస్తుంది. అసలు కారులో కుడివైపు కూర్చున్నవాడికి ఎడమ ముందు చక్రం కనబడదు. అందుకే గేమ్‌లో సందుల్లోంచి దూసుకుపోయే కుర్రాడు ఇక్కడ ఎడమవైపు ఆగి ఉన్న బైక్ హ్యాండిల్‌కు అద్దం తగిలిస్తాడు. అదే కెమెరా వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. వెనకేముందో తెలుసుకోవడానికి అద్దం చూడాలన్న అలవాటే పడదు.

వేగం సంగతీ అంతే. స్క్రీన్ మీద వంద అంటే నడకలా ఉంటుంది, ఎందుకంటే అదురు లేదు, గాలి లేదు, పక్కచూపులో వెనక్కి పరిగెత్తే చెట్లు లేవు. లైసెన్స్ వచ్చాక ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద దాటినా పాకుతున్నట్టే ఉందని నాతో చెప్పినవాళ్లున్నారు. 2007లో జర్మనీలో పీటర్ ఫిషర్, ఆయన సహచరులు పరీక్షించి చూస్తే, రేసింగ్ గేమ్ ఆడిన వెంటనే జనం, ముఖ్యంగా మగవాళ్లు, ట్రాఫిక్ వీడియోల్లో ఎక్కువ రిస్కు తీసుకోవడానికి సిద్ధపడ్డారని తేలింది. గేమ్ ఆడినవాళ్లందరూ రోడ్డు మీద ప్రమాదకరంగా మారతారని దీనర్థం కాదు. ఆట ముగించిన వెంటనే బైకు తాళం అందుకునే తమ్ముడు ఇంట్లో ఉంటే మాత్రం కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వండి.

ఒక అబ్బాయికి నేర్పుతున్నాను. చేతులు చక్కగా తిరుగుతున్నాయి. ముందు ఆర్టీసీ బస్సు ఆగింది. కుడివైపు రోడ్డు ఖాళీగా ఉందని దాటబోయాడు. నేను నా వైపు బ్రేక్ నొక్కాను. బస్సు ముందు నుంచి ఒకావిడ కూరగాయల సంచితో రోడ్డు దాటుతూ బయటికొచ్చింది. అబ్బాయి తేరుకుని, "మీకెలా తెలిసింది సార్? ఆవిడ నాకూ కనపడలేదు, మీకూ కనపడలేదు కదా" అన్నాడు. "బస్సు ఆగిందంటే జనం దిగుతున్నారని బాబూ. దిగినవాళ్లలో కొందరు అవతలికి దాటాలి" అన్నాను.

వాడు ఆడిన గేమ్‌లలో బస్సులున్నాయి. బస్సు దిగే జనం లేరు.

కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవాళ్లు దాదాపు 45 శాతం, నడిచి వెళ్లేవాళ్లు దాదాపు 20 శాతం. దాదాపు ప్రతి ముగ్గురిలో ఇద్దరు! చాలా కారు రేసింగ్ గేమ్‌లలో ఈ ఇద్దరూ ఉండరు. నేరాలు, కారు దొంగతనాలు ఉండే గేమ్‌లలో కనిపిస్తారు గానీ, అక్కడ వాళ్లను గుద్దినా ఆట సాగిపోతుంది.

మన రోడ్డు ఎలా ఉంటుందో కంప్యూటర్‌కు చెప్పిన పని ఒకటి మన ఊళ్లోనే జరిగింది. అంతకు ముందు, 2016లో, విదేశీ పరిశోధకులు ఇందాక చెప్పిన కారు దొంగతనాల గేమ్‌లలో ఒకటైన జీటీఏలోంచి సుమారు 25 వేల చిత్రాలు తీసి, ఏది రోడ్డు, ఏది కారు, ఏది మనిషి అని 49 గంటల్లో గుర్తులు పెట్టేశారు. తనంతట తాను నడిచే కారుకు చూపు నేర్పడానికి గేమ్ అలా పనికొచ్చింది. కానీ ఆ రోడ్లు అమెరికా రోడ్లు. అసలు కెమెరా చిత్రాలు కూడా అప్పట్లో ఎక్కువగా యూరప్ రోడ్లవే దొరికేవి. ఆ లోటు చూసి హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద కెమెరా పెట్టిన కారు తిప్పి, 10 వేలకు పైగా చిత్రాలతో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారుచేశారు. అందులో 34 రకాల గుర్తులున్నాయి. ఆటోకు వేరే గుర్తు, జంతువులకు వేరే గుర్తు. తారు అయిపోయాక మట్టి మొదలయ్యే చోట బండి పోగలదా లేదా అన్నదానికీ ఒక గుర్తు. ఆ జాబితా చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. నేను రోజూ నోటితో చెప్పే పాఠమే అది.

మన పిల్లలకు తమ రోడ్డు మీద ప్రేమ లేదనుకోకండి. ఇండోనేషియా వాళ్లు చేసిన బస్ సిమ్యులేటర్ గేమ్ మన ఊళ్లలో ఎంతమంది ఫోన్లలో ఉందో చూడండి. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. మనవాళ్లు ఆ బస్సులకు ఏపీఎస్‌ఆర్‌టీసీ, తెలంగాణ ఆర్టీసీ రంగులు వేసి, బోర్డులు రాసి పంచుకుంటున్నారు. బస్సు మనదైంది. రోడ్డు ఇంకా మనది కాలేదు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతాను. 2021 జులై నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రాల్లో సిమ్యులేటర్ ఉండాలి. దాని తెర మీద ఏ రోడ్డు కనిపించాలో మీరు ఆలోచించండి. కెమెరాను కారు వెనక కాదు, కుడి సీట్లో పెట్టండి. ఆగిన బస్సు ముందు నుంచి మనిషి రావాలి, అదీ ప్రతిసారీ కాదు, ఎప్పుడొస్తారో తెలియకుండా. ఎడమవైపు పోతున్న ఆటో చెయ్యి బయట పెట్టిన మరుక్షణం కుడికి తిరగాలి. డివైడర్ సందులోంచి రాంగ్ రూట్‌లో బైకు రావాలి, రాత్రిపూట దానికి లైటు ఉండకూడదు. వానకు నీళ్లు నిలిచిన చోట గుంత కనబడకూడదు. ఎదుటివాడి హై బీమ్ కళ్లలో పడాలి. స్కోరు వేగానికి కాదు, వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడ తూలకుండా ఎంత నెమ్మదిగా ఆపారన్నదానికి వేయండి. ఎవరినైనా గుద్దితే వెంటనే రీస్టార్ట్ ఇవ్వకండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆ రోడ్డు మీదే నిలబెట్టండి.

అలాంటిది చేయడానికి ఎవరైనా ముందుకొస్తే, రికార్డు చేసుకోవడానికి నా స్కూల్ కారు ఉంది. పొద్దున ఆరింటికి మొదటి బ్యాచ్ బయల్దేరుతుంది, వెనక సీట్లో కెమెరాతో కూర్చోవచ్చు. ఇక మీ ప్రశ్నలు అడగండి.