విమానం వెనక లాగే కేబుల్: తన్యత లెక్క ఎక్కడ తప్పుతుంది?

వ్యాఖ్యాత: నమస్కారం. విమానం వందల మీటర్ల కేబుల్‌ను వెనక లాగుతూ వెళ్లేటప్పుడు దానిపై పనిచేసే బలాలను ఎలా లెక్కగట్టాలన్నది నేటి చర్చ. ఆచార్య గారూ, ముందుగా ఆ కేబుల్ ఏ ఆకారంలో నిలుస్తుందో చెప్పండి.

ఆచార్యురాలు: అది ఒంపు తిరిగి వేలాడుతుందని చాలామంది అనుకుంటారు. కానీ చివర ఏ బరువూ లేకుండా, విమానం స్థిరవేగంతో తిన్నగా పోతున్నప్పుడు, అంతటా ఒకే మందం గల కేబుల్ దాదాపు సరళరేఖగా నిలుస్తుంది. ప్రతి ముక్క బరువులో కేబుల్‌కు లంబంగా ఉండే భాగాన్ని గాలి తోపు సరిగ్గా మోయగలిగే కోణం అది. 5 మిల్లీమీటర్ల మందం, మీటరుకు 100 గ్రాముల బరువు, సెకనుకు 60 మీటర్ల వేగం, లంబ దిశలో నిరోధ గుణకం (గాలి ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య) 1.1 అనుకుంటే, సముద్రమట్టపు గాలిలో ఆ కోణం క్షితిజానికి సుమారు 16 డిగ్రీలు. పొడవు పెంచినా అది మారదు.

ఇంజనీరు: పొడవుతో పెరిగేది తన్యత, అంటే కేబుల్‌లోని లాగుడు బలం; లెక్కలు తప్పేదీ అక్కడే. కేబుల్ వెంబడి రాసుకుపోయే గాలి ఘర్షణ గుణకం 0.02 స్థాయిలోనే ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేస్తుంటారు. మేడమ్ చెప్పిన కేబుల్‌కే చూడండి: మీటరుకు బరువు వల్ల 0.27 న్యూటన్లు, ఘర్షణ వల్ల 0.2 న్యూటన్లు. ఘర్షణను వదిలేస్తే, 500 మీటర్లకు, కేబుల్‌ను విమానానికి తగిలించిన కొక్కెం దగ్గర 240 న్యూటన్లు రావలసిన తన్యత 140 దగ్గరే ఆగిపోతుంది.

వ్యాఖ్యాత: అంత చిన్న గుణకం ఇంత తేడా ఎలా తెస్తోంది?

ఆచార్యురాలు: లంబ దిశలో గాలి తోపు, బరువు ఎక్కడికక్కడే సరిపోతాయి. కేబుల్ వెంబడి పనిచేసే బలాన్ని మాత్రం పై ముక్క తప్ప మరేదీ మోయదు, కనుక అది ముక్క ముక్కకూ కూడుతూ విమానం దాకా చేరుతుంది. పైగా పేనిన తీగల ఉపరితలం నునుపుగా ఉండదు. నునుపు స్థూపాల పట్టికల నుంచి ఘర్షణ గుణకాన్ని ఎత్తి రాయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు, కొలిచి తీరాలి.

వ్యాఖ్యాత: విమానం మలుపు తిరిగితే?

ఇంజనీరు: అప్పుడు ఈ సూత్రం చాలదు. కేబుల్‌ను ముక్కలుగా విడగొట్టి, అవి కలిసే కణుపుల వద్ద ద్రవ్యరాశిని ఉంచి, లాగగలవే గాని నెట్టలేని స్ప్రింగులతో కలపాలి. ఉక్కులో సాగుదల తరంగం సెకనుకు దాదాపు 5,000 మీటర్లు పోతుంది కాబట్టి, 5 మీటర్ల ముక్కలకు కాలపు అంగ (లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిపే సమయం) మిల్లీసెకను దాటితే గణన చెదిరిపోతుంది. విమానం ఆగకుండా చుట్లు తిరిగితే పొడవైన కేబుల్ కింది కొస చాలా చిన్న వలయంలో కుదురుకుంటుంది. 1950లలో ఈక్వడార్‌లో నేట్ సెయింట్ అనే పైలట్ బకెట్‌ను నేలకు దించింది ఈ పద్ధతిలోనే.

వ్యాఖ్యాత: నమూనా సరైనదో కాదో ఎలా తేల్చాలి?

ఆచార్యురాలు: కోణం ఒక్కటీ కలిస్తే ఒప్పుకోకూడదు, ఎందుకంటే కోణాన్ని నిర్ణయించేది లంబ గుణకమే. కేబుల్ వెనక ఏర్పడే గాలి సుడుల వల్ల అది కంపిస్తే ఆ గుణకం కూడా పెరిగి కేబుల్ పైకి లేస్తుంది. కెమెరాతో కోణాన్ని, కొక్కెం దగ్గర తన్యతను ఒకే ప్రయాణంలో, రెండు మూడు వేర్వేరు వేగాల వద్ద కొలవాలి.