ఇంటి రొట్టె, టూలెట్ బోర్డు

సభలో ఉన్న పెద్దలకూ, వెనక బెంచీల్లో కూర్చున్న కుర్రాళ్లకూ నమస్కారం.

‘మతం, నీతి, మానవత్వం’ అని విషయం ఇచ్చారు. చాలా పెద్దది. నెల్లూరు పొలిమేర దాటకుండా మాట్లాడతానని ముందే చెప్పి ఒప్పుకున్నాను.

మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ చూడనివాళ్లు ఈ హాల్లో తక్కువే ఉంటారు. స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి, కొంగు తలమీదకి లాక్కుని, ‘ఆరోగ్యం రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?’ అని కేకేస్తుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, చదువు రొట్టె, సొంతింటి రొట్టె. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి, అదే కోరికతో వచ్చినవాళ్లకి రొట్టె ఇవ్వాలి. అదీ ఆచారం.

రొట్టె తింటే ఉద్యోగం వస్తుందా? రాదనే అంటాను. కోరిక తీరినవాళ్లే కదా అక్కడ రొట్టె ఇచ్చేది. తీరనివాళ్లు వస్తే ఇంకోసారి అడగడానికి వస్తారు, తీరలేదని చాటడానికి రారు. ఇచ్చేవాళ్లని మాత్రమే లెక్కేస్తే ఏ మొక్కు అయినా ఫలించినట్టే కనిపిస్తుంది.

మా హేతువాద మిత్రులు ఇంతవరకు చెప్పి చేతులు దులుపుకుంటారు. నాకు వాళ్లతో పేచీ ఇక్కడే. ఆ నీళ్లలో బురఖా వేసుకున్నామె ఇచ్చిన రొట్టెని బొట్టు పెట్టుకున్నామె కళ్లకద్దుకుని తింటోంది. ఇచ్చిందెవరు, ఏ ఇంటి పొయ్యి మీద కాల్చింది, ఎవరూ అడగరు. మన దగ్గర కులం కాపలా కాసేది ముందుగా తిండి దగ్గరే. అలాంటిది, అక్కడ ఆ కాపలా లేదు. ఇది చిన్న సంగతని నేననుకోను.

ఇప్పుడు సొంతింటి రొట్టె సంగతికొద్దాం. ఒకాయన కోరిక తీరింది, ఇల్లు కట్టాడు, పైపోర్షన్‌కి టూలెట్ బోర్డు తగిలించాడు. ఫోనొస్తుంది. ‘పేరేంటన్నారు?’ ‘షఫీ అండీ.’ ‘అయ్యో, పొద్దున్నే ఎవరో అడ్వాన్స్ ఇచ్చేశారండీ.’ వారం తర్వాత కూడా బోర్డు అక్కడే ఊగుతుంటుంది. పేరులో కులం తెలియకపోతే ‘మీరేమిట్లు?’ అంటారు. అలా అడగడానికి మొహమాటపడే చదువుకున్నవాళ్లకి ఇంకో ప్రశ్న ఉంది: ‘మీరు నాన్‌వెజ్ తింటారా?’ చేపల పులుసుకి పేరుపడ్డ ఊళ్లో అడగాల్సిన ప్రశ్నేనా ఇది!

మన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, వీటి దగ్గర కులమతాల పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని ఉంది. చెరువు ఆ జాబితాలో ఉంది. మన పైపోర్షన్ లేదు. చట్టం మన గేటు దాకా వచ్చి ఆగింది, లోపలేం చేస్తామన్నది మనకే వదిలేసింది. దేవుణ్ణి నమ్మేవాళ్లూ, నాబోటి నమ్మనివాళ్లూ ఇద్దరూ పరీక్షకు కూర్చోవాల్సింది ఆ గేటు లోపలే. ఈ విషయంలో నాస్తికులకేమీ ఎక్కువ మార్కులు రావు. దేవుడు లేడంటూనే కులం చూసి ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు నాకు తెలుసు.

శైవులూ వైష్ణవులూ కీచులాడుకుంటున్న 13వ శతాబ్దంలో, మనుమసిద్ధి మంత్రిగా ఈ ఊళ్లోనే ఉన్న తిక్కన తన భారతాన్ని శివుడూ విష్ణువూ ఒక్కటైన హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. ఇద్దరిలో ఎవరు గొప్పో తేల్చే పని పెట్టుకోలేదు. ఇతరులు ఏం చేస్తే నీ మనసు కష్టపడుతుందో అది నువ్వు ఇతరులకి చేయకపోవడమే ధర్మమార్గాలన్నిటికీ ఆధారమని ఆయన భారతంలోనే ఉంది. గమనించండి, ఇందులో స్వర్గం ఆశ లేదు, నరకం భయం లేదు. కొలబద్ద నీ మనసే.

ఆ కొలబద్ద పెట్టి చూద్దాం. మన పిల్లలు ఉద్యోగాలకి చెన్నై వెళతారు. ఇల్లు వెతుక్కుంటుంటే ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అంటారు. రాత్రి ఫోన్‌లో ఆ పిల్లాడు చెబితే మనకి ఒళ్లు మండుతుంది, ‘ఇదేం అన్యాయం’ అంటాం. షఫీ వాళ్ల నాన్నకీ అలాగే మండుతుంది కదా.

‘నా ఇల్లు, నా ఇష్టం’ అని ఒక పెద్దాయన మొన్న నాతో అన్నారు. నిజమే, ఇల్లు ఆయనదే. అద్దెకి వచ్చేవాళ్లని అడగొద్దని నేనూ అనడం లేదు. ఎంతమంది ఉంటారు, అద్దె ఏ తారీఖుకిస్తారు, కరెంటు బిల్లు ఎవరు కట్టుకోవాలి, మోటారు ఎవరు వేయాలి, బండి ఎక్కడ పెడతారు, ఇవన్నీ అడగండి. రాతపూర్వకంగా రాయించుకోండి కూడా.

నాకిచ్చిన టైమ్ అయిపోయింది. ఇక మీరు అడగండి. ఇంటి ఓనర్లకి ముందు మైకివ్వండయ్యా.