కొత్తగా చేరినవారి పని ఏమవుతుంది?

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

కృత్రిమ మేధ వల్ల ఉద్యోగాలు పోతాయా అని అడిగితే అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చేసేవారిని నేను నమ్మను. అందుకే ఆ పెద్ద ప్రశ్నను పక్కనపెట్టి, మన ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరే కుర్రవాళ్ల పని ఏమవుతుందన్న ఒక్క విషయానికే ఈ పూట పరిమితమవుతాను.

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి, వైటూకే (సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్న ప్రోగ్రాములు 2000 రాగానే తప్పుతాయన్న సమస్య) పుణ్యమా అని కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాముల్లో తేదీలు సరిదిద్దేవారికి అమెరికాలో గిరాకీ ఏర్పడి ఉంది. ఆ గిరాకీని అందుకోవడానికి అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు వెలిశాయి. అప్పటినుంచీ మన సేవల కంపెనీల ఆదాయం ప్రధానంగా ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారన్న లెక్క మీదే నడిచింది. పైన కొద్దిమంది అనుభవజ్ఞులు, కింద ఎక్కువమంది ఫ్రెషర్లు ఉంటేనే ఆ లెక్క గిట్టుబాటవుతుంది.

ఆ ఫ్రెషర్ చేసే పని, అంటే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే పని చూడండి. ఎక్సెల్ షీటులో ఒక గడిలో ఇవ్వవలసిన వివరం, పక్క గడిలో రావలసిన ఫలితం, ఆ పక్కన నిజంగా వచ్చిన ఫలితం: పాస్‌వర్డ్ ఖాళీగా వదిలితే ఏమవుతుంది, తప్పు తేదీ ఇస్తే ఏమవుతుంది అంటూ వందల వరసలు. విసుగు పుట్టించే పనే, కాదనను. కానీ ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఎక్కడ తప్పటడుగు వేస్తుందో ఆ వరసల్లోనే తెలిసేది. మన ఇంటిపేరు ఆధార్‌లో ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఆ ఇద్దరూ ఒకరేనని సాఫ్ట్‌వేర్ గుర్తిస్తుందా అన్న అనుమానం అలా చేయి తిరిగినవారికే వస్తుంది.

యంత్రం, అంటే కృత్రిమ మేధ, ముందుగా చేపట్టిన పనుల్లో ప్రోగ్రాములు రాయడంతో పాటు ఇదీ ఒకటి. 2017లో గూగుల్ పరిశోధకులు నేటి భాషా యంత్రాలకు పునాది అయిన ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతిని ప్రకటించారు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది. ప్రోగ్రాములు రాయడం దానికి అంత త్వరగా పట్టుబడడానికి కారణాలున్నాయి: నేర్చుకోవడానికి బహిరంగంగా దొరికే కోడ్ కుప్పలుగా ఉంది, పైగా రాసినదాన్ని నడిపిచూస్తే తప్పో ఒప్పో చాలావరకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. న్యాయవాది సలహాకు, వైద్యుడి నిర్ణయానికి ఆ సౌకర్యం లేదు.

2025 జూలైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో సుమారు 2 శాతం మందిని తగ్గిస్తామన్నప్పుడు, కారణం కృత్రిమ మేధ కాదని, నైపుణ్యాలు సరిపోకపోవడమని చెప్పింది. ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకున్నా నా భయం తీరదు. యంత్రం రాసినదాన్ని తనిఖీ చేయడానికి పదేళ్ల అనుభవం కావాలంటున్నాం. ఆ అనుభవానికి మొదటి రెండేళ్లు ఎక్కడ గడపాలో మాత్రం చెప్పడం లేదు. ఏ ఒక్క కంపెనీకీ ఆ ఖర్చు భరించాలని ఉండదు, ఎందుకంటే తాను తర్ఫీదిచ్చిన మనిషిని రేపు పక్క కంపెనీ ఎగరేసుకుపోతుంది.

కాబట్టి ఆ రెండేళ్లలో కొంత భాగమైనా కళాశాలలోకి రావాలి. కొనితెచ్చిన ప్రాజెక్టులకు వైవా పెట్టి మార్కులు వేసే తంతు మనకు కొత్త కాదు గనుక, దాని బదులు ఇలా చేసి చూడవచ్చు: యంత్రం రాసిన ప్రోగ్రామును విద్యార్థి చేతికిచ్చి, అది ఏ సందర్భంలో విఫలమవుతుందో కనిపెట్టమని, ఎందుకు విఫలమవుతుందో కాగితం మీద రాయమని అడగాలి. మార్కులు ఆ కారణానికే వేయాలి.