మంచు కడ్డీ గోవా చేరేదాకా

అందరికీ నమస్కారం.

ఎనుమాముల యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు మీలో చాలామంది చూసినవే. మిర్చి బస్తా లోపల ఉన్నన్నాళ్లు బాగుంటుంది. బయటికి తీసి ఎండాకాలపు గాలిలో పెట్టగానే చెమ్మ పట్టుకుంటుంది, ఆ చెమ్మకే బూజు వస్తుంది. చలి మధ్యలో తెగితే సరుకు ఏమవుతుందో వరంగల్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఈరోజు చెప్పబోయేది కూడా చలి తెగకుండా కాపాడవలసిన ఒక సరుకు గురించే.

గోవాలో వాస్కో డ గామా పక్కన, సముద్రం ఒడ్డు గుట్ట మీద జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. 1998లో జాతీయ అంటార్కిటిక్, సముద్ర పరిశోధన కేంద్రం అన్న పేరుతో మొదలైంది, 2018లో ఇప్పటి పేరు వచ్చింది. అంటార్కిటికాలో మైత్రి, భారతి, ఆర్కిటిక్‌లో హిమాద్రి, హిమాచల్‌లోని స్పితిలో హిమాంశ్ దీని స్థావరాలే. పత్రికల్లో వాటి ఫొటోలు వస్తాయి. నేను మాత్రం గోవా భవనంలో మైనస్ 20 డిగ్రీల దగ్గర నడిచే గది గురించి మాట్లాడతాను. అంటార్కిటికా నుంచి తవ్వి తెచ్చిన మంచు కడ్డీలు, అంటే ఐస్ కోర్‌లు, అందులోనే ఉంటాయి.

చెరువు పూడిక తీసినప్పుడు గోతి పక్క గోడ చూడండి. ఏటేటా వచ్చిన ఒండ్రు పొరలుగా కనిపిస్తుంది, కిందిది పాతది. అంటార్కిటికాలో ఒండ్రుకు బదులు మంచు పడుతుంది. కరగదు కాబట్టి ఒకదానిమీద ఒకటి పేరుకుంటుంది. పైన బరువు పెరిగేకొద్దీ కింది మంచు గట్టిపడి, చాలాచోట్ల 60 నుంచి 100 మీటర్ల లోతులో గాలి దారులు మూసుకుపోతాయి. అప్పటి గాలి బుడగలుగా లోపలే చిక్కుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. దారులు మూసుకునేదాకా పైగాలి లోపలికి ఆడుతూనే ఉంటుంది. అందుకే బుడగలోని గాలి దాని చుట్టూ ఉన్న మంచు కంటే వయసులో చిన్నది. అప్పటి కార్బన్ డయాక్సైడ్ ఎంతో బుడగ చెబుతుంది, అప్పటి వేడి ఎంతో మంచు చెబుతుంది. ఈ వయసు తేడా లెక్కలోకి తీసుకోకపోతే కార్బన్ డయాక్సైడ్ ముందు పెరిగిందా, వేడి ముందు పెరిగిందా అన్న ప్రశ్నకు తప్పు జవాబు వస్తుంది.

తవ్వే యంత్రం బోరుబావి రిగ్గులాంటిది కాదు. ఉక్కు తాడుకు వేలాడే గొట్టం, దాని కొసన తిరిగే బ్లేడ్లు, పైన గొట్టం మొత్తం తిరగకుండా గోడను పట్టుకునే రెక్కలు. ఒక్కో దిగుడుకు అర మీటరు నుంచి మీటరు కడ్డీ వస్తుంది. అడుగున ఉన్న చిన్న కొక్కేలు కడ్డీని విరిచి పట్టుకుంటాయి. డ్రిల్లు ఇరుక్కోవడానికి తరచు కారణం తొందర. ఎండ తగిలి వేడెక్కిన గొట్టాన్ని అలాగే దించితే దాన్ని తాకిన మంచు కాస్త కరిగి, వెంటనే మళ్లీ గడ్డకట్టి గొట్టాన్ని బిగించేస్తుంది. అప్పుడు మంచును కరిగించే గ్లైకాల్ అనే ద్రవం పోసి వదిలించాలి. గ్లైకాల్ తగిలిన భాగం రసాయన పరీక్షకు ఇక పనికిరాదు. అందుకని డ్రిల్లును నీడలో ఉంచి, మంచంత చల్లబడ్డాకే దించాలి.

కడ్డీ పైకి రాగానే మొదట గుర్తు పెట్టాల్సింది పై కొస ఏదో. సంచి మీద బాణం, లోతు, కడ్డీ నంబరు రాస్తారు. బాణం తలకిందులైతే ఆ మీటరులో కాలం వెనక్కి నడుస్తుంది. తర్వాత పొడవు కొలిచి తూకం వేస్తారు. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గట్టి మంచు మీటరుకు 7.2 కిలోలు తూగుతుంది. పై పొరల్లో అందులో సగం కూడా ఉండదు. ఆ తూకమే సాంద్రత చెబుతుంది. సంచిలో గాలి పోకుండా మూయకపోతే, మైనస్ 20లో కూడా మంచు నీరు కాకుండానే నెలల తరబడి ఆవిరై అంచులు తరుగుతాయి. అక్కడి నుంచి ఓడలో ఫ్రీజర్ కంటైనర్లు. కంటైనర్ రేవులో దిగి మళ్లీ కరెంటు తగిలేదాకా ఉండే కొద్ది గంటలే నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదకరం. పూర్తిగా కరగనక్కర్లేదు. అంచు కాస్త తడిసి మళ్లీ గడ్డకట్టినా అక్కడి లవణాలు చోటు మారతాయి, చీలికల్లోంచి గాలి జారిపోతుంది.

గోవాలో కోత మైనస్ 15 డిగ్రీల గదిలో. బ్యాండ్ రంపంతో నిలువునా చీలుస్తారు. బయటి పొరకు డ్రిల్లూ చేతులూ తగిలాయి కాబట్టి సిరామిక్ కత్తితో చెక్కేసి, లోపలి భాగాన్నే వాడతారు. ఎందుకింత జాగ్రత్త? ఖండం లోపలి మంచులో లీటరుకు సోడియం కొన్ని పదుల మైక్రోగ్రాములే. 20 మిల్లీలీటర్ల నమూనాలో ఒక్క చెమట చుక్క పడితే అసలు ఉన్నదానికి దాదాపు వంద రెట్లు ఉప్పు చేరుతుంది. పనిలో శుభ్రత ఎంతుందో తేల్చడానికి అతిశుద్ధ జలాన్ని గడ్డకట్టించి, దాన్నీ కడ్డీలాగే కోసి పరీక్షిస్తారు. అందులో సోడియం కనబడితే అది అంటార్కిటికాది కాదు, మన గదిది.

ఎంత సన్నగా కోయాలన్నది ఆ చోటి మంచును బట్టి తేల్చాలి. తీరం వైపు ఏడాదికి 30 సెంటీమీటర్ల మంచు పేరుకునే చోట 5 సెంటీమీటర్ల ముక్కలు కోస్తే ఏడాదికి 6 నమూనాలు. ఎండాకాలం, చలికాలం విడిగా తెలుస్తాయి. చలి పెరిగితే పడే మంచులో ఆక్సిజన్ 18, అంటే ఆక్సిజన్‌లోని బరువైన రకం, తగ్గుతుంది, కాబట్టి అది లేచి పడే వరుసను లెక్కపెడితే ఏళ్లు వస్తాయి. అదే లోపల ఏడాదికి 3 సెంటీమీటర్లే పేరుకునే చోట ఈ కోత కోస్తే రుతువులు కలిసిపోయి ఏమీ మిగలదు.

ఈ లెక్క నమ్మదగ్గదో కాదో అగ్నిపర్వతాలు చెబుతాయి. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా పేలింది. దాని ఆమ్లం ఒకటి రెండేళ్లలో అంటార్కిటికా మంచులో చేరింది. కడ్డీ మీద రెండు ఎలక్ట్రోడ్లు లాగితే ఆ పొర దగ్గర కరెంటు ఎగబాకుతుంది. మీ లెక్కలో ఆ పొర 1822 దగ్గర కనబడిందంటే ఐదారేళ్ల పొరలు ఎక్కడో జారిపోయాయి. ఎక్కువసార్లు తప్పు మనిషిది కాదు, గాలిది. అక్కడి ఈదురుగాలి ఒక ఏడాది మంచునంతా ఎగరగొట్టి పక్కచోట పోస్తుంది. అందుకే ఒకే చోట ఒకే కడ్డీ చాలదు, దగ్గర దగ్గరలో రెండు మూడు తీయాలి.

మన వానకాలానికీ ధ్రువాలకూ ఉన్న సంబంధం మీద పని జరుగుతోంది. పాకాల చెరువు ఈ ఏడు నిండకపోతే కారణం అంటార్కిటికా అని చెప్పేంత దూరం ఆ పని రాలేదు. అలా చెప్పేవాళ్లను నమ్మకండి.

చివరిగా కోతలో ఒక పద్ధతి చెప్పాలి. నిలువునా చీల్చిన కడ్డీలో ఒక భాగాన్ని ఎవరూ కరిగించరు. అదే బాణం, అదే లోతు రాసి మళ్లీ మైనస్ 20 గదిలో పెడతారు. ఇంకా ఎవరూ తయారు చేయని పరికరానికి అది కావాలి.