కాళ్ళ మీద నరాలకు ఇంజెక్షన్లు, ఆ పైన ప్రెషర్ సాక్సులు | 8 నెలల తర్వాత నా రివ్యూ | మెట్టెలు పెట్టుకునేవాళ్ళు చూడండి

హాయ్ అండీ, అందరికీ నమస్తే, అనంతపురం నుంచి మీ అక్కను మళ్ళీ వచ్చినా. ముందే చెప్పేస్తా, ఇక్కడ రెండు జతల సాక్సులు ఉండాయి కదా, ఈ గోధుమరంగు జత కంపెనీవాళ్ళు ఊరికే పంపినారు, నల్లది నేను నా డబ్బులు పెట్టి కొన్నది. పంపినవాళ్ళు ఒక పేపర్ మీద ఏడు పాయింట్లు కూడా రాసి పంపినారు, ఇవి చెప్పండి మేడమ్ అని. అందులో మూడోది, సాక్సులు వేసుకుంటే కాళ్ళ మీద నరాలు మాయమైపోతాయి అని. అది నేను చెప్పను. చెప్పనని మెసేజ్ పెడితే సరే మేడమ్ మీ ఇష్టం అన్నారు, కాబట్టి ఆ విషయంలో వాళ్ళ మీద నాకు కోపం లేదు. కోపం వేరేదాని మీద ఉంది, దానికి వస్తా.

సైజు చార్టులు, ప్రెషర్ ఎంత, గుడ్డ ఏం గుడ్డ, అవన్నీ మీరు ఇప్పటికే నాలుగు వీడియోల్లో చూసే ఉంటారు, నేను మళ్ళీ చదవను. నేను వాడింది వాడినట్టు చెప్తా.

నాకు 39. పదకొండేళ్ళు బట్టల షాపులో నిలబడే పని. పండగ సీజన్లో పొద్దున పది నుంచి రాత్రి పది వరకు నిలబడినా, స్టూలు ఉంటాది కానీ కస్టమర్ ఉండగా కూర్చుంటే ఓనర్ చూసే చూపు ఉంటాది చూడండి, ఆ చూపు కంటే నిలబడడమే మేలు. మా అమ్మకూ ఉండె ఇవి, నాకు రెండు కాన్పులు కూడా అయినాయి, అన్నీ కలిసి రెండో కాన్పు తర్వాత మోకాళ్ళ వెనకాల, తొడ పక్కన, చీలమండ దగ్గర నీలం, ఎరుపు గీతలు వచ్చేసినాయి. నొప్పి పెద్దగా లేదు, నిజం చెప్తాండా, నేను పోయింది చూడ్డానికి బాగలేవని. మా చిన్నది ఆరో తరగతి, ఒక ఆదివారం నేను కాళ్ళు చాపుకోని చిక్కుళ్ళు ఒలుస్తాంటే స్కెచ్ పెన్ను తెచ్చి, అమ్మా ఇది పెన్నా, ఇది చిత్రావతి, ఇది తుంగభద్ర అని నా కాలి మీద పేర్లు రాసింది. నవ్వినా. రాత్రి మాత్రం నిద్ర పట్టలా.

చీర కట్టుకుంటావు కదా ఎవరు చూస్తారు అని అడిగినోళ్ళు శానామంది. నేను చూస్తా కదా అక్కా! రోజూ కుచ్చిళ్ళు ఎత్తి దోపుకోని వాకిలి కడిగేది నేనే కదా.

ఇంకోటి, మనం వీటిని నరాలు నరాలు అంటాం, అక్కడే తిక్కంతా. నేను నరాలు ఉబ్బినాయి అని చెప్తే మా ఆయన ఫ్రెండొకాయన నరాల డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఇప్పిచ్చినాడు. రెండు గంటలు కూర్చున్నాక ఆ డాక్టర్ సార్ చూసి, అమ్మా ఇవి నరాలు కాదు, రక్తనాళాలు, మీరు వాస్కులర్ సర్జన్‌ను చూడాల అన్నాడు. ఫీజు మాత్రం తీసుకున్నారు లెండి. గోడల మీద నరాల బలహీనత అని రాసుంటాది చూడండి, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఆ నూనెలు తెచ్చి రుద్దుకోవద్దండి. నేనూ రుద్దినా, అందుకే చెప్తాండా. ఆన్‌లైన్లో 799 పెట్టి క్రీమ్ కొన్నా, మూడు ట్యూబులు. కాళ్ళు మెత్తగా అయినాయి, గీతలు అట్లనే మెత్తగా ఉండాయి. పైన పూసింది లోపల నాళం దాకా పోయి దాన్ని మూసేది ఏమీ లేదు.

అసలు ఇవి ఎందుకొస్తాయో రక్తనాళాల డాక్టరమ్మ చెప్పింది నాకు భలే అర్థమయింది, ఎందుకంటే మాది బావి మోటరు ఇల్లు. మన మోటరుకు కింద ఫుట్ వాల్వు ఉంటాది కదా, అది లీకయితే ఏమయితాది? మోటరు ఆపంగానే పైపులో నీళ్ళన్నీ వెనక్కి బావిలోకి దిగిపోతాయి, పొద్దున్నే మళ్ళీ బిందెతో నీళ్ళు పోసి మోటరు వేయాల. కాళ్ళలో రక్తం కూడా కింద నుంచి పైకి గుండెకు ఎక్కాల, పిక్క కండ నడిచినప్పుడల్లా పిండి పైకి తోస్తాది, మధ్యమధ్యలో చిన్న చిన్న వాల్వులు వెనక్కి దిగకుండా పట్టుకుంటాయి. ఆ వాల్వులు వదులైతే రక్తం కిందనే నిలబడి నాళాలు ఉబ్బుతాయి. మెలికలు తిరిగి తాడులాగ లేచేవి వేరికోస్ వెయిన్స్, 3 మిల్లీమీటర్ల పైన లావుంటాయి. నావి అంత పెద్దవి కాదు, మిల్లీమీటరు కూడా లేని సాలెగూడు లాంటి గీతలు, స్పైడర్ వెయిన్స్ అంటారు, మోకాలి వెనక మాత్రం కొంచెం లావుగా పచ్చనీలంగా ఒకటి, అదే మా చిన్నదాని పెన్నా.

ఇక్కడ ఒక్క నిమిషం. మొదట ఒక చోటికి పోయినా, పేరొద్దు, లోపల ఏసీ, నిమ్మరసం కూడా ఇచ్చినారు. కాలు ఇట్ల చూసి అట్ల లేజర్ ప్యాకేజీ 85 వేలు, ఒక్క సిట్టింగ్‌లో క్లియర్ మేడమ్ అని. స్కాన్ అడగలా, ఏమీ లా. ఈ రోజు కట్టేస్తే డిస్కౌంట్ అంట. చీరల అమ్మకంలో పదకొండేళ్ళు ఉన్నదాన్ని నాకే ఈ రోజే లాస్ట్ అని చెప్తాండారు! లేచి వచ్చేసినా.

తర్వాత ఇక్కడే డాప్లర్ స్కాన్ చేయించుకున్నా, 2,500 అయింది. నిలబెట్టి చేస్తారు, పిక్కను నొక్కి వదిలి రక్తం వెనక్కి దిగుతాందా లేదా అని చూస్తారు. లోపల పెద్ద నాళాల్లో వాల్వులు బాగున్నాయి అని తేలింది. అది తేలకముందు పైన గీతలకు ఏం చేయించుకున్నా దండగే అండీ, లోపల మెయిన్ లీకుంటే పైన మూసినా మళ్ళీ వస్తాయి, ఫుట్ వాల్వు మార్చకుండా కొళాయికి వాషరు మార్చినట్టు. లోపల లీకున్నవాళ్ళకు లేజర్‌తోనో రేడియో ఫ్రీక్వెన్సీతోనో లోపలి నాళాన్ని మూస్తారు, అది వేరే లెక్క, నాకు అవసరం పడలా.

నాకు చేసింది స్క్లెరోథెరపీ. బెంగళూరులో. మా చెల్లెలు అక్కడుంది కాబట్టి రాత్రి వాళ్ళింట్లో ఉండొచ్చని. మార్చిలో ఒకటి, ఏప్రిల్ ఆఖరున ఒకటి, జూన్‌లో ఒకటి, మొత్తం మూడు సిట్టింగులు, ఒక్కోటి 9 వేలు. పాలసీలో రాదు, అందానికి చేయించుకునేది కదా అన్నారు, సరే.

ఏం చేస్తారంటే సన్న సూదితో ఆ గీతలోకే మందు ఎక్కిస్తారు. 30 గేజ్ సూది, చూస్తే వెంట్రుకంత ఉంటాది. మందు పేరు పాలిడోకెనాల్, దాన్ని మొదట్లో మత్తుమందుగా తయారు చేసినారంట, అందుకేనేమో మంట పెద్దగా లేదు, చీమ కుట్టినట్టు, ఆ తర్వాత కొంచెం దురద. మందు పోయి నాళం లోపలి పొరను చెడగొడితే గోడలు రెండూ అతుక్కోని మూసుకుపోతాయి, ఆ తర్వాత ఒళ్ళే దాన్ని మెల్లగా కరిగించుకుంటాది. మరి రక్తం ఎట్ల పోతాదక్కా అని అడుగుతారు, పక్కన వేరే మంచి నాళాలు శానా ఉంటాయి, అట్ల పోతాది.

పెన్నాకు మాత్రం నురగ. ఇది చూడ్డానికి భలే ఉంది, రెండు సిరంజిల మధ్య ఒక చిన్న కొళాయి పెట్టి, ఒక దాంట్లో మందు, ఇంకో దాంట్లో గాలి, ఇట్నుంచి అటు అట్నుంచి ఇటు తోస్తాంటే తెల్లగా నురగొచ్చేసింది. మనం కాఫీ రెండు గ్లాసుల్లో తిరగబోస్తాం కదా, అచ్చం అట్లనే. నేను పడుకోని అదే చూస్తాంటే ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అయిపోయినాక పడుకోబెట్టరు, సాక్సు తొడిగి వెంటనే అరగంట నడవమన్నారు. చెల్లెలి వీధిలో మొత్తం నడిచినా.

ఇప్పుడు నాకు ఎవరూ గట్టిగా చెప్పనిది. పది పదిహేను రోజులకు గీతలు పోయేదాని బదులు ఇంకా నల్లగా, గట్టిగా దారంలాగ అయినాయి. నేను ఏడ్చినంత పనయింది. రెండో వారం చూపిస్తే, లోపల రక్తం గడ్డకట్టి ఇరుక్కుంది అని సూదితో పొడిచి వత్తినారు, కాఫీ డికాషన్ రంగులో బొట్టు బొట్టుగా వచ్చింది. నొప్పి? ఇంజెక్షన్ కంటే ఇదే నొప్పి. ఆ పైన గోధుమరంగు మచ్చలు, రక్తంలో ఇనుము చర్మంలో మిగిలిపోతే వస్తాయంట, శానామందికి నెలల్లో పోతాయి, కొందరికి ఏడాది దాటుతాది. ఇదిగో కెమెరా దగ్గరగా పెడతా, చీలమండ పైన, కనపడతాందా, చింతపండు మరకలాగ, ఇది మార్చి నాటిది. ఇప్పుడు నవంబర్. సంతకం చేయించుకున్న పేపర్‌లో రాసుందంట. నాలుగు పేజీల ఇంగ్లీషు పేపర్ గౌను వేసుకోని సూదుల పక్కన కూర్చోని ఎవరు చదువుతారు? నోటితో ఒక్క మాట చెప్పాల్సింది.

సరే, సాక్సులు. నా అసలు బాధంతా ఇక్కడే.

వీటికి 20-30 అని రాసుంటాది చూడండి, అది మన బీపీ కొలిచే కొలతే, మిల్లీమీటర్ల పాదరసం. చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, పైకి పోయే కొద్దీ తక్కువ. నాకు ఒక్కో సిట్టింగ్ తర్వాత రెండు రోజులు రాత్రీ పగలూ, ఆ తర్వాత రెండు వారాలు పగలంతా వేసుకోమన్నారు. ఏప్రిల్ ఆఖరున. అనంతపురంలో. బయట 42, ఇంట్లో ఫ్యాను వేడిగాలి కొడతాంటే, తొడదాకా ఈ నల్లది వేసుకోని సంగటి కెలికినా నేను. దయచేసి దసరా అయిపోయినాక చేయించుకోండి ఎవరైనా, ఎండాకాలం వద్దు, నా మాట వినండి.

నల్లదానికి పైన ఈ సిలికాన్ బ్యాండ్ ఉంది చూడండి, జారకుండా పట్టుకునేది. చెమట పట్టిందంటే దీని కింద దురద, ఎర్రటి పట్టీ, పొక్కులు. నేను షాపులో కస్టమర్ ముందర చీర పరిచి, ఇది ప్యూర్ ధర్మవరం అమ్మా అని చెప్తా ఒక చేత్తో టేబుల్ కింద తొడ గోక్కున్నా. ఆయమ్మ నాకేదో పూనకం వస్తాంది అనుకుంది.

తొడగడం ఇంకో కత. మొదటి రోజు స్నానం చేసి తడి కాళ్ళతో మొదలుపెట్టినా, మడమ దాకా వచ్చి ఆగిపోయింది. మా ఆయన మంచం అవతల నుంచి పట్టుకోని లాగితే సాక్సు రాలా, నేనే జరిగిపోయినా. తర్వాత నేర్చుకున్నా: పొద్దున కాళ్ళు వాపు ఎక్కకముందే, కాలు బాగా ఆరినాక, మడమ దాకా లోపలిది బయటికి తిప్పి, గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకోని అరచేత్తో పైకి రుద్దుకుంటా పోవాల, గోళ్ళతో లాగితే దారం తెగుతాది. కొలతలు కూడా పొద్దున్నే తీసుకోండి, నేను సాయంత్రం కొలిచి ఒక సైజు పెద్దది తెప్పిచ్చుకున్నా, అది నా తప్పే.

ఇప్పుడు కంపెనీవాళ్ళది. మోకాలి దాకానే, బ్యాండ్ లేదు, గుడ్డ పల్చగా హాయిగా ఉంది, నల్లదాని కంటే చెమట తక్కువ, అన్నీ బాగున్నాయి. కానీ వేళ్ళ దగ్గర మూసేసినారు. అండీ, మాకు మెట్టెలుంటాయి! రెండో రోజుకే మెట్టె అంచు తగిలి ఇదిగో ఇక్కడ చిల్లు, అందులోంచి నిచ్చెనలాగ దారం పోయింది పైకి. మెట్టెలు తీసేద్దామంటే మా అత్త ముందర అంత ధైర్యం నాకు లేదు. మెట్టె మీద ప్లాస్టర్ చుట్టినా, రోజంతా వేలు నొక్కుకోని నీలంగా అయింది. ఇక్కడ ఆడవాళ్ళకు అమ్ముతాండారు, ఆడవాళ్ళకే ఎక్కువ వచ్చే సమస్య, డిజైన్ చేసేటప్పుడు ఒక్కరంటే ఒక్కరు కాలి వేళ్ళ వైపు చూడలేదా అని నాకు ఒళ్ళు మంట.

నల్లదానికి వేళ్ళ దగ్గర తెరిచి ఉంటాది, మెట్టెలు బయటికి, ఇబ్బంది లేదు. ఇంకో సుఖం కూడా ఉంది, చీర కవరు ఉంటాది కదా జారే కవరు, దాన్ని ముందు పాదానికి తొడిగి పైన సాక్సు వేస్తే సర్రున ఎక్కుతాది, ఎక్కినాక వేళ్ళ సందులోంచి కవరు లాగేయడమే. మూసినదాంట్లో ఈ పని జరగదు. పట్టీలు మాత్రం ఏ సాక్సు కిందా వద్దు, పైన పెట్టుకోండి.

ఉతకడం చేత్తోనే, కంఫర్ట్ లాంటివి వేయొద్దు, ఎండలో వద్దు, నీడలో పరవండి. మిద్దె మీద దండేనికి వేస్తే పక్కింటామె, ఏమ్మా కాలు విరిగిందా అని గోడ మీద నుంచి అడిగింది, అది ఎండకు సాగిపోయింది, ఈమెకు జవాబు చెప్పలేక నా ఓపిక కూడా సాగింది.

మా అత్త నాక్కూడా ఒక జత ఇయ్యి, కాళ్ళు లాగుతాండాయి అని అడిగింది. ఇయ్యలా. ఆమెకు పదిహేనేళ్ళ షుగరు, పాదాలు చల్లగా ఉంటాయి. రక్తం కిందికి సరిగా దిగని కాళ్ళకు వీటిని బిగిస్తే పుండ్లు పడి ఇంకా ప్రమాదం, ముందు చీలమండ దగ్గర బీపీ చూపించుకోవాల. కడుపుతో ఉన్నవాళ్ళకు ఆ ఇంజెక్షన్లు చేయరు. ఇంజెక్షన్ తర్వాత ఒక్క కాలే వాచి, నొప్పి, వేడి ఉంటే నాకు కామెంట్ పెట్టి కూర్చోవద్దండి, నేరుగా ఆస్పత్రికి పోండి.

మార్కులు? ఇంజెక్షన్లకు పదికి ఏడు. సాలెగూళ్ళు ముప్పాతిక పోయినాయి, చిత్రావతి ఎండిపోయింది, తుంగభద్ర యాడుందో వెతకాల, పెన్నా సన్నగా ఇంకా ఉంది, ఆ మచ్చ కోసం మూడు మార్కులు కట్. స్కాన్, సాక్సులు అన్నీ కలిపి 32,700 అయింది, బస్సు ఛార్జీలు కాకుండా. నల్ల సాక్సుకు చలికాలం ఎనిమిది, ఎండాకాలం రెండు. ఊరికే వచ్చిన జతకు, మెట్టెలు లేనివాళ్ళకైతే ఎనిమిది, నాకు మూడు. వేళ్ళు తెరిచింది పంపుతామన్నారు ఫోన్ చేసి, వస్తే మళ్ళీ చూపిస్తా.

ఆరున్నర అయింది, ఇంక తీసేస్తా ఇవి. చూడండి, ఈ బ్యాండ్ గీత, కెమెరాలో పడతాందా? చిన్నమ్మీ, ఆ కొబ్బరినూనె ఇట్ల తే.