గాలివాటం: ఒకే గోల్ఫ్ కోర్సు, 23 షాట్ల తేడా

[తెర మీద పక్కపక్కన రెండు అంకెలు: 266, 289]

ఈ రెండు అంకెలు చూడండి. రెండూ ఒకే గోల్ఫ్ కోర్సులో, ఒకే టోర్నమెంటులో విజేతలు కొట్టిన షాట్లు. నాలుగు రోజులు, 72 హోల్స్, అంటే రోజుకి 18 గుంటల చొప్పున బంతిని వేయాలి. 2014లో గెలిచినాయన 266 షాట్లలో ముగించాడు. 2023లో గెలిచినాయనకి 289 పట్టాయి. గోల్ఫ్‌లో ఎన్ని తక్కువ కొడితే అంత గొప్ప కదా. ఆ 289తో 2014లో దిగి ఉంటే, గెలుపు మాట అటుంచండి, రెండో స్థానానికి కూడా పది షాట్ల దూరంలో ఆగిపోయేవాడు.

పోనీ ఆ రెండో ఆయన అల్లాటప్పా ఆటగాడా అంటే, అదీ కాదు. అప్పటికే సీనియర్లలో రెండు మేజర్ టైటిళ్లు, అంటే అన్నిటికంటే పెద్దవిగా లెక్కించే టోర్నమెంట్లు, గెలిచినవాడు. మరి 23 షాట్లు ఎక్కడికి పోయాయి?

గాలికి పోయాయి. ఇదేదో మాటవరసకి అంటున్నది కాదు.

[దృశ్యం: మ్యాపులో బ్రిటన్, కిందికి దిగి వేల్స్ దక్షిణ తీరం]

టోర్నమెంటు పేరు సీనియర్ ఓపెన్. యాభై ఏళ్లు నిండిన ఆటగాళ్ల కోసం పెట్టింది. 1987లో స్కాట్లాండ్‌లోని టర్న్‌బెరీలో మొదలైంది, మొదటి విజేత నీల్ కోల్స్. 2003 నుంచి సీనియర్ల ఐదు మేజర్లలో ఇదొకటి. మిగతా నాలుగూ అమెరికావే. ఇది గెలిస్తే తర్వాత జరిగే అసలు ఓపెన్‌లో, అంటే వయసు హద్దు లేని పెద్ద టోర్నమెంటులో, కుర్రాళ్లతో కలిసి ఆడే అవకాశం కూడా దక్కుతుంది. అయితే ఏటా సముద్రం పక్కనే జరగాలని లేదు. సన్నింగ్‌డేల్ లాంటి లోతట్టు కోర్సులకీ వెళ్తుంటుంది. నా మటుకు నాకు ఆ ఏడాది సగం ఆసక్తి పోతుంది. ఎందుకో మీకే అర్థమవుతుంది.

మన కోర్సు పేరు రాయల్ పోర్త్‌కాల్. కార్డిఫ్ నుంచి పడమరగా తీరం వెంట వెళ్తే వచ్చే చిన్న ఊరు పోర్త్‌కాల్. 1891లో క్లబ్బు పెట్టినప్పుడు ఊరుమ్మడి భూమిలో తొమ్మిది హోల్స్ వేసుకుని ఆడేవారు. 1895లో ఇప్పుడున్న చోటికి మారారు. 'రాయల్' అనే బిరుదు 1909లో వచ్చింది. సీనియర్ ఓపెన్ ఇక్కడ మూడుసార్లు జరిగింది: 2014, 2017, 2023.

[దృశ్యం: ఇసుక నేల అడ్డకోత బొమ్మ. ఒక చివర సముద్రం, ఇంకో చివర పొలం]

ఇదొక లింక్స్ కోర్సు. ఈ మాట వినగానే 'లింకు' అనుకునేరు, ఆ లింకు వేరు. ఇది పాత ఇంగ్లీషులో మెరక, గట్టు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. సముద్రానికీ సాగు భూమికీ మధ్య ఉండే ఇసుక నేలని అలా పిలిచేవారు. చీరాల, బాపట్ల వైపు వాళ్లకి ఈ నేల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అలలు దాటి నాలుగడుగులు వేస్తే ఎత్తుపల్లాల ఇసుక దిబ్బలు. వరి పండదు, నీళ్లు నిలవవు. మనవాళ్లు అలాంటి చోట సరుగుడు వేసుకున్నారు. స్కాట్లాండ్ వాళ్లు గొర్రెలు మేపుకున్నారు, గోల్ఫ్ ఆడుకున్నారు.

సముద్రం కనబడితే చాలు లింక్స్ అనుకోవడం మామూలు పొరపాటు. విశాఖలోని ఈస్ట్ పాయింట్ క్లబ్బు సముద్రానికి దగ్గర్లోనే ఉంది, అయినా దాన్ని ఎవరూ లింక్స్ అనరు. కాళ్ల కింద ఇసుక ఉండాలి. ఇసుకలో పెరిగే గడ్డి సన్నగా, పొట్టిగా ఉంటుంది. వాన కురిసినా నీరు ఇట్టే ఇంకిపోయి నేల మళ్లీ గట్టిపడుతుంది. అమెరికాలో తడిపి పెంచిన మెత్తటి గ్రీన్ (గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద బంతి పడితే టక్కున ఆగుతుంది. ఇక్కడ పడ్డాక ఇంకో పాతిక, ముప్ఫై గజాలు దొర్లుతుంది. ఎటు దొర్లుతుందో నేల వంపులు నిర్ణయిస్తాయి. అంటే ఆటగాడు గాల్లో ఒక షాటు, నేల మీద ఇంకో షాటు లెక్కేసుకోవాలి.

దీనికి తోడు చెట్లుండవు. పోర్త్‌కాల్‌లో అయితే పెద్ద ఇసుక దిబ్బలు కూడా లేవు. మిగతా లింక్స్‌లో దిబ్బల చాటున కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు, ఇక్కడ ఆ చాటూ లేదు. ఏ హోల్‌లో నిలబడ్డా సముద్రం కనబడుతుందని ఈ కోర్సుకి పేరు. అందరూ దాన్ని అందం కింద చెప్తారు. ఆడేవాడికి దాని అర్థం వేరు: సముద్రం కనబడుతోందంటే గాలికి కూడా మీరు కనబడుతున్నట్టే.

పైగా దారి మలుపులు తిరుగుతుంది. చాలా పాత లింక్స్‌లో తొమ్మిది హోల్స్ ఒకవైపు నేరుగా వెళ్లి, తొమ్మిది హోల్స్ వెనక్కి వస్తాయి. వెళ్లేటప్పుడు ఎదురుగాలి అయితే వచ్చేటప్పుడు వెనకగాలి, లెక్క సులువు. పోర్త్‌కాల్‌లో మొదటి మూడు హోల్స్ తీరం వెంట నడిచి, తర్వాత మిట్టమీదికి, ముళ్లపొదల వైపు తిరుగుతాయి. ఒక హోల్‌లో గాలి మొహానికి కొడితే తర్వాతి హోల్‌లో చెవికి కొడుతుంది.

[దృశ్యం: ఆటగాడి పాదాలు, బంతి. నెమ్మదిగా]

ఇప్పుడొక షాటు దగ్గరగా చూద్దాం. గుంట ఎక్కడుందో చూపించే జెండా 150 గజాల దూరంలో ఉంది. గాలి లేకపోతే ఈ స్థాయి ఆటగాడు 8 ఐరన్ అనే కర్ర తీసి బంతిని పైకి లేపుతాడు. ఎదురుగాలిలో అలా లేపితే బంతి గాలిపటంలా పైకి ఎగిరి, ఉన్నచోటే ఆగినట్టై, ముందే కిందపడుతుంది. గట్టిగా కొడితే సరిపోతుంది కదా అంటారా? గట్టిగా కొడితే వెనక్కి తిరిగే స్పిన్ పెరుగుతుంది, స్పిన్ పెరిగితే ఇంకా పైకి లేస్తుంది. కోపం వచ్చినకొద్దీ నష్టం అన్నమాట.

అందుకని 5 ఐరన్ తీస్తాడు, బంతిని తక్కువ ఎత్తులో ఎక్కువ దూరం పంపే కర్ర. బంతిని రెండు పాదాల మధ్య నుంచి కాస్త వెనక పాదం వైపు జరుపుకుంటాడు. పట్టు ఒక అంగుళం కిందికి దించుతాడు. సగం ఊపుతోనే కొట్టి, చేతులు ఛాతీ ఎత్తులోనే ఆపేస్తాడు. బంతి నేలకి దగ్గరగా దూసుకెళ్లి, గ్రీన్ కంటే ముందే పడి, గోలీలాటలో గుంట వైపు గోలీ దొర్లినట్టు దొర్లుకుంటూ పోతుంది. చూడ్డానికి ఏమీ ఉండదు. టీవీలో అయితే తప్పు కొట్టాడేమో అనిపిస్తుంది కూడా.

ఆ దొర్లుడు కాస్త దారి తప్పితే పాట్ బంకర్. లోతైన ఇసుక గుంత, దాని గోడ గడ్డి ముక్కల్ని ఇటుకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టింది. బంతి ఆ గోడకి ఆనుకుని ఆగిందా, జెండా వైపు కొట్టే దారే ఉండదు. పెద్ద పెద్ద చాంపియన్లు కూడా తలవంచుకుని వెనక్కి కొట్టుకుని బయటపడతారు. ఒక షాటు పోయిందని ఒప్పుకోవడమే అక్కడ తెలివి. ఒప్పుకోనివాడికి మూడు పోతాయి.

[దృశ్యం: 1995 అని అంకె. తర్వాత 2009]

ఇక వయసు సంగతి. యాభై దాటాక ముందు పోయేది దూరం. కుర్రాడు 310 గజాలు కొట్టే చోట వీళ్లది 270 దగ్గర ఆగుతుంది. లింక్స్‌లో ఆ లోటు కొంత పూడుతుంది, ఎందుకంటే నేలే బంతిని మోసుకుపోతుంది. పొడవుగా కొట్టేవాడి బంతి ఎక్కువసేపు గాల్లో ఉంటుంది, గాలికి ఎక్కువసేపు దొరుకుతుంది.

దీనికి పోర్త్‌కాల్‌లోనే ఒక సాక్ష్యం ఉంది. 1995లో ఇక్కడ వాకర్ కప్ జరిగింది, అమెరికాకీ బ్రిటన్, ఐర్లాండ్ జట్టుకీ మధ్య అమెచ్యూర్ల పోటీ. అమెరికా జట్టులో టైగర్ వుడ్స్. పందొమ్మిదేళ్లు, అప్పటికే రెండుసార్లు అమెరికా అమెచ్యూర్ చాంపియన్. మొదటి రోజు సింగిల్స్‌లో ఎదురైంది గ్యారీ వోల్‌స్టెన్‌హోమ్, 35 ఏళ్లవాడు, దూరం కొట్టడంలో టైగర్‌కి దరిదాపుల్లో లేనివాడు. పోటీ ఆఖరి హోల్ దాకా వెళ్లింది. అక్కడ టైగర్ బంతి హద్దు దాటి బయటికి పోయింది, మ్యాచ్ కూడా పోయింది. మర్నాడు అదే వోల్‌స్టెన్‌హోమ్‌ని టైగర్ ఓడించాడు, అదీ చెప్పాలి. కానీ కప్పు మాత్రం బ్రిటన్, ఐర్లాండ్ జట్టే గెలుచుకుంది, 14-10తో.

2009 అయితే ఇంకా చిత్రం. సీనియర్లది కాదు, అసలు ఓపెన్, టర్న్‌బెరీలో. టామ్ వాట్సన్‌కి 59 ఏళ్లు. ఏడాది తిరక్కముందే తుంటి ఎముక మార్పిడి ఆపరేషన్ అయింది. ఆరేళ్ల క్రితం ఇదే కోర్సులో సీనియర్ ఓపెన్ గెలిచాడు. ఆఖరి హోల్‌కి వచ్చేసరికి ఒక్క షాటు ఆధిక్యం. పార్ చేస్తే, అంటే ఆ హోల్‌కి నిర్ణయించిన షాట్లలోనే ముగిస్తే చాలు. 8 ఐరన్‌తో కొట్టాడు. షాటు తప్పు కాదు, బంతి నేరుగానే వెళ్లింది. గ్రీన్ మీద పడి, ఆగకుండా దొర్లి, వెనక అంచు దాటిపోయింది. ఇంతసేపూ ఆయనకి సాయం చేసిన గట్టి నేలే అక్కడ చెయ్యిచ్చింది. అక్కడి నుంచి రెండు షాట్లలో హోల్ చేయలేకపోయాడు. స్కోర్లు సమమైతే ఆడే అదనపు హోల్స్‌లో, అంటే ప్లేఆఫ్‌లో, స్టువర్ట్ సింక్ గెలిచాడు. ఆ ఆదివారం వీడియో ఎన్నిసార్లు చూసినా ఆ బంతి ఈసారైనా ఆగుతుందేమో అనిపిస్తుంది నాకు.

మనవాళ్లలో చెప్పుకోవాలంటే జీవ్ మిల్ఖా సింగ్. 2012లో, నలభై ఏళ్ల వయసులో, స్కాట్లాండ్ ఉత్తర ప్రాంతంలో తీరాన ఉన్న కాజిల్ స్టువర్ట్‌లో స్కాటిష్ ఓపెన్ గెలిచాడు, ప్లేఆఫ్‌లో ఫ్రాన్సెస్కో మొలినారిని ఓడించి. యాభై దాటాక ఆయనా సీనియర్ల టూర్‌లోకి వచ్చాడు.

[దృశ్యం: మూడు ఏళ్లు, మూడు స్కోర్లు: 266, 280, 289]

సరే, మళ్లీ మన అంకెల దగ్గరికి. పోర్త్‌కాల్‌లో పార్ 71, నాలుగు రోజులకి 284.

2014లో బెర్న్‌హార్డ్ లాంగర్, జర్మనీ, 56 ఏళ్లు. ఆ వారం ఎండ కాసింది, గాలి మెతగ్గా ఉంది. 18 అండర్ పార్, అంటే పార్ కంటే 18 తక్కువ. రెండో స్థానంలో ఉన్న కాలిన్ మాంట్‌గోమరీ కంటే 13 షాట్లు ముందు. ఆ గెలుపుని 'లింక్స్ అనుభవం' అని చాలామంది పొగిడారు. నాకైతే అలా అనిపించదు. గాలి పరీక్ష పెట్టని వారంలో ఒక మనిషి యంత్రంలా ఆడాడు, అంతే. ఆయన లింక్స్ పనితనం చూడాలంటే 2017 చూడాలి. 59 ఏళ్ల వయసులో మళ్లీ ఇక్కడికే వచ్చి 4 అండర్‌తో, మూడు షాట్ల తేడాతో గెలిచాడు. అంకె చిన్నదే, గెలుపు పెద్దది.

ఆ తర్వాత 2023. వాన, దానికి తోడు ఈదురుగాలి. గొడుగు తెరిస్తే తిరగబడే రకం. అనుభవం ఉంటే గాలిని జయించవచ్చనే మాట అక్కడ తేలిపోయింది. ఎందుకంటే వయసు పోగొట్టేది దూరం ఒక్కటే కాదు. తడిసిన చేతులు బిగుసుకుపోతాయి, నడుము పట్టేస్తుంది. పాతిక సంవత్సరాల అనుభవం ఉన్నవాళ్లంతా బోగీల మీద బోగీలు (హోల్‌లో పార్ కంటే ఒక షాటు ఎక్కువ) చేశారు. పార్ కంటే తక్కువలో ముగించినవాడు ఒక్కడూ లేడు.

చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు పాడ్రిగ్ హారింగ్టన్, ఐర్లాండ్ వాడు, 2007లో, 2008లో అసలు ఓపెన్ గెలిచినవాడు, ఇలాంటి వాతావరణంలోనే పుట్టిపెరిగినవాడు. ఇంకొకరు అలెక్స్ చెయ్‌కా. అప్పటి కమ్యూనిస్టు చెకోస్లోవేకియాలో పుట్టి, తొమ్మిదేళ్ల వయసులో తండ్రి చెయ్యి పట్టుకుని దేశం దాటి జర్మనీ చేరినవాడు. ఇద్దరి స్కోరూ 289, పార్ కంటే అయిదు ఎక్కువ. మామూలు వారంలో ఆ స్కోరుకి సామాన్లు సర్దుకుంటారు. ఆ ఆదివారం మాత్రం ఇద్దరూ ప్లేఆఫ్ ఆడటానికి మళ్లీ టీ, అంటే హోల్‌లో మొదటి షాటు కొట్టే చోటు, దగ్గరికి నడిచారు. మొదటి అదనపు హోల్‌లో తేలలేదు. రెండో దాంట్లో చెయ్‌కా గెలిచాడు.

మూడుసార్లూ జర్మన్లే గెలిచిన ఈ వేల్స్ తీరానికి ఒక వేల్స్ ఆటగాడు ఎప్పుడు కప్పు తెస్తాడో మరి.